ఉద్యోగం మానకుండా సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ చదవాలంటే: మీ నెత్తిమీది స్లాబుతో మొదలుపెట్టండి

మా ఫ్లాటు హైదరాబాద్‌లో ఐదో అంతస్తు, అదే ఆఖరిది. మే నెలలో రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే అప్పుడే దించిన అన్నం గిన్నె మూతలా ఉండేది. పదకొండేళ్ళుగా స్లాబులు పోయిస్తున్నవాణ్ణి, నా నెత్తిమీది స్లాబు ఎందుకంతలా కాగుతోందో లెక్కతో చెప్పలేకపోయాను. "ఇంజనీరువి కదరా, ఏదో ఒకటి చెయ్యి" అంది అమ్మ. నేను చేసిందల్లా ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించడం.

సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్, అంటే కరెంటు, నీళ్ళు, సామగ్రి తక్కువ ఖర్చయ్యేలా కట్టడాలు కట్టే విద్య, ఆన్‌లైన్‌లో చదవడం అలా మొదలైంది. రెండేళ్ళు పట్టింది, అందులో మొదటి ఏడాది దాదాపు వృథా. రెండో ఏడాది దారిలో పడ్డాక ఏం చేశానో, ఏ వరసలో చేశానో ఇక్కడ చెబుతాను. మీరు సివిల్ ఇంజనీరైనా, ఆర్కిటెక్టైనా, ఇంటీరియర్స్ చేసేవాళ్ళైనా, ఏసీ, ప్లంబింగ్ డిజైన్‌లో ఉన్నా ఇదే వరస పనికొస్తుంది.

ముందుగా ఒక్క హెచ్చరిక. ఏం చదువుతున్నారని చుట్టాలు అడిగితే పేరుని తెలుగులోకి మార్చి చెప్పకండి. నేను "సుస్థిర వాస్తుశిల్పం" అన్నాను. మరుసటి ఆదివారం మా బాబాయి ఇంటి ప్లాను చుట్ట పట్టుకుని దిగి, ఈశాన్యంలో మెట్లు పెట్టొచ్చా అని అడిగాడు.

1. డిగ్రీ కావాలా, పని రావాలా? ముందు తేల్చుకోండి

ఈ ప్రశ్న దాటేసి డబ్బు కట్టేవాళ్ళే ఎక్కువ. మన దేశంలో ఆర్కిటెక్చర్ డిగ్రీని ఆన్‌లైన్‌లోగానీ దూరవిద్యలోగానీ ఇవ్వడానికి వీల్లేదు. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో ఇంజనీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రంతో పాటు ఆర్కిటెక్చర్‌ని కూడా నిషేధ జాబితాలో పెట్టారు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైనవాళ్ళే పేరు ముందు ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలి. కాబట్టి సివిల్ ఇంజనీరు ఎన్ని ఆన్‌లైన్ కోర్సులు చేసినా ఆర్కిటెక్ట్ కాడు. అది కావాలంటే నాటా లాంటి ప్రవేశపరీక్ష రాసి, అయిదేళ్ళ బీఆర్క్‌లో కూర్చోవాల్సిందే. ఇప్పటికే బీఆర్క్ ఉండి, ఈ సబ్జెక్టులోనే పీజీ కావాలనుకుంటే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లో సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ ఎంఆర్క్ ఉంది. మంచి చోటు. కానీ రెగ్యులర్ క్లాసులు, ఉద్యోగం వదలాలి.

నేనిది తెలుసుకోకుండానే ఒక సంస్థకి నలభై వేలు కట్టాను. "అంతర్జాతీయ డిప్లొమా" అన్నారు. తీరా చూస్తే ఎవరో స్లైడ్లు చదువుతున్న రికార్డింగులు. అందులో ఇళ్ళన్నీ చలిదేశాలవి: వేడి బయటికి పోకుండా గోడలు మందంగా కట్టాలి, దక్షిణం వైపు పెద్ద అద్దాలు పెట్టి ఎండని లోపలికి రానివ్వాలి అని పాఠం. హైదరాబాద్‌లో ఆ పని చేస్తే ఇల్లు ఇడ్లీ పాత్రే. డబ్బు వెనక్కి అడిగితే మెయిల్‌కి జవాబు లేదు.

అందుకని డబ్బు కట్టేముందు మూడు అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది విశ్వవిద్యాలయమా, మధ్యలో ఉన్న కంపెనీయా? ఒక పాఠం ముందే చూడనిస్తారా? మన వాతావరణానికి చేసిన లెక్క ఒక్కటైనా సిలబస్‌లో ఉందా? మూడో దానికి నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టేయండి.

2. ఒక ఇల్లు పట్టుకోండి

మొదటి ఏడాది నా తప్పు ఇక్కడే జరిగింది. ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరి ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. పొద్దున సైటుకెళ్ళాక ఏమీ గుర్తుండేది కాదు.

రెండో ఏడాది పద్ధతి మార్చాను. కోర్సు ఎంచుకునేముందు కట్టడం ఎంచుకున్నాను, అదీ నేనుంటున్న ఫ్లాటే. ప్రతి పాఠాన్నీ దాని మీదే ప్రయోగించాలి. గోడల గురించి చెబితే మా గోడ కొలవాలి, కిటికీల గురించి చెబితే మా కిటికీ తెరిచి చూడాలి. మీరూ అలాగే ఒకటి పట్టుకోండి: ఉంటున్న ఇల్లో, ఊళ్ళో అమ్మానాన్నల డాబానో, ఆఫీసులో చేతిలో ఉన్న ప్రాజెక్టో. ప్రాజెక్టు కన్నా ఇల్లే మేలు, రాత్రి పదింటికి స్టూలెక్కి చూసుకునే వీలుంటుంది.

ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో ఇంటి ప్లాను చేత్తో గీసి, ఉత్తరం గుర్తు పెట్టి, గదుల కొలతలు, గోడ మందం, స్లాబు మందం, కిటికీల సైజులు రాయండి. ఆదివారం ఒక పూట చాలు. రెండు చవక వస్తువులు కూడా తెప్పించుకోండి: గాలిలో వేడి, తేమ చూపించే చిన్న మీటరు, దూరం నుంచే గోడ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ను. కరోనా రోజుల్లో నుదుటికి చూపించిన లాంటిదే, కాకపోతే గోడలకి వాడేది అడిగి తీసుకోండి. పొద్దున ఆరు, మధ్యాహ్నం మూడు, రాత్రి పది. మూడు వేళలా వారం రోజులు సీలింగ్, పడమటి గోడ, గది గాలి ఎంతున్నాయో రాయండి. మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉంటారు కాబట్టి ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. మా ఇంట్లో అమ్మ చేసేది, మధ్యమధ్యలో తోచినప్పుడు కూడా కొలిచేది. నాలుగోరోజుకల్లా "పడమటి గోడ సాయంత్రం అయిదుకి స్లాబుని దాటేస్తోందిరా" అని తనే చెప్పింది. పాఠాల్లో ఆ సంగతి వచ్చింది మూడు వారాల తరవాత.

3. మీ ఊరి ఎండని డౌన్‌లోడ్ చేసుకోండి

ఈపీడబ్ల్యూ అనే వాతావరణ ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి. ఏడాదిలో ఉన్న 8,760 గంటలకీ, గంట గంటకీ ఎండ, వేడి, తేమ, గాలి ఎంతో అందులో ఉంటాయి. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి పెద్ద ఊళ్ళకి నేరుగా ఉన్నాయి, లేకపోతే దగ్గర్లోని ఊరిది తీసుకోండి. బెర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్ళ క్లైమా అనే వెబ్ టూల్‌లో ఆ ఫైలు వేస్తే బొమ్మలు వచ్చేస్తాయి, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

అందులో మొదట చూడాల్సింది సూర్యుడి దారి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళ కిందే మాయమవుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. ఉత్తరం కిటికీకి ఎండే రాదని సైట్లో పదేళ్ళు చెప్పినవాణ్ణి నేను. డిసెంబరు 21న అదే సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఏడాదిలో ఏ మధ్యాహ్నమూ అంతకన్నా కిందికి దిగడు, కాబట్టి దక్షిణం కిటికీకి అడ్డంగా వేసే సన్‌షేడ్ సరిపోతుంది. పడమర మాత్రం దానికి లొంగదు. సాయంత్రం నాలుగు దాటాక ఎండ అడ్డంగా దూసుకొస్తుంది, అక్కడ నిలువు పలకలో, జాలీనో, ఒక వేపచెట్టో కావాలి. సన్‌షేడ్ అన్ని వైపులా రెండడుగులే ఎందుకు వేస్తున్నామని మా ఆఫీసులో అడిగాను. "ఎప్పుడూ అంతేగా" అన్నారు.

తరవాత మీ ఊరు ఏ వాతావరణ మండలంలో ఉందో చూడండి. జాతీయ భవన నియమావళి దేశాన్ని అయిదు మండలాలుగా విడగొట్టింది. హైదరాబాద్ మిశ్రమ మండలం, విజయవాడ, విశాఖ ఉక్కపోత మండలం. హైదరాబాద్‌లో పనిచేసిన ఉపాయం కృష్ణా జిల్లాలో పనిచేస్తుందన్న హామీ లేదు. అక్కడ గాలి ఆడటమే సగం వైద్యం.

4. ఇప్పుడు కోర్సు, అదీ ఒక్కటే

ఐఐటీల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే ఎన్‌పీటీఈఎల్‌తో మొదలుపెట్టమంటాను. ఐఐటీ రూర్కీ వాళ్ళ సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ కోర్సు కొత్తవాళ్ళకి సరిపోతుంది. లెక్కలంటే భయం లేనివాళ్ళు ఆ తరవాత ఐఐటీ ఢిల్లీ వాళ్ళ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అకౌస్టిక్స్, డేలైటింగ్ కోర్సుకి వెళ్ళొచ్చు. కష్టమే, కానీ ఉష్ణం గోడలోంచి ఎలా నడుస్తుందో అక్కడ తెలిసినంత బాగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

చదవడం ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు, అదీ వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకి 25, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకి 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 వస్తేనే సర్టిఫికెట్. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి స్లాబు వేసే వారం, ఇంట్లో పెళ్ళి ఉన్న వారం వదిలేసినా కొంప మునగదు. నేను పూర్తి చెయ్యగలిగింది ఈ వెసులుబాటు వల్లే.

చేరేది ఎప్పుడన్నది కూడా ముఖ్యం. జనవరిలో ఒక విడత, జులైలో ఒక విడత ఉంటాయి. సైటు ఉద్యోగమైతే జులైలోనే చేరండి. జనవరిలో చేరితే మార్చి బిల్లుల గొడవలో మునిగి ఉండగా పరీక్ష ముంచుకొస్తుంది. వానాకాలం పని కాస్త నెమ్మదిస్తుంది.

విదేశీ కోర్సులు రెండో వరసలో పెట్టుకోండి. ఎడెక్స్‌లో ఎంఐటీ వాళ్ళు సస్టెయినబుల్ బిల్డింగ్ డిజైన్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ వాళ్ళు జీరో ఎనర్జీ డిజైన్ నేర్పారు. ఇలాంటివి తెరిచి ఉన్నప్పుడు సర్టిఫికెట్ వద్దనుకుంటే ఉచితంగా చూడొచ్చు. పద్ధతి నేర్చుకోండి, అంకెలు మాత్రం మనవి వేసుకోండి.

5. వారానికి అయిదు గంటలు, రాత్రిళ్ళు కాదు

ఆఫీసు నుంచి వచ్చి, తిని, పదింటికి లాప్‌టాప్ తెరిస్తే పదిన్నరకి కునుకు. నాకు కుదిరింది మంగళ, గురువారాల్లో పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర, ఆదివారం మూడు గంటలు. వీడియోలు మెట్రోలో వినేశాను, లెక్కలు మాత్రం బల్ల ముందే. అసైన్‌మెంట్ గడువు సాధారణంగా బుధవారం రాత్రి. మంగళవారం పొద్దున్నే పంపేస్తే టెన్షన్ ఉండదు. ఇంట్లోవాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి. ఆదివారం మూడు గంటలు ఇచ్చినందుకు బదులుగా మా ఆవిడ శనివారం కూరగాయలు, ఇస్త్రీ నా మీద పెట్టింది. న్యాయమే.

6. స్లాబు లెక్క: చేత్తో ఒకసారి వెయ్యండి

ఈ చదువులో ఒక్క లెక్కే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. గోడగానీ కప్పుగానీ ఎంత వేడిని లోపలికి వదులుతుందో చెప్పేది యు విలువ. ఎంత తక్కువుంటే అంత మంచిది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో కప్పుకి గరిష్ఠ పరిమితి చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి 1.2 వాట్లు. మా స్లాబుది ఎంతో చూద్దాం.

మందాన్ని మీటర్లలో రాసి, ఆ పదార్థం వేడిని మోసే గుణంతో భాగిస్తే నిరోధం వస్తుంది. అయిదంగుళాల స్లాబు అంటే 0.125 మీటర్లు, కాంక్రీటు గుణం 1.58. భాగిస్తే 0.079. కింద పన్నెండు మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్‌కి 0.017. స్లాబుకి పైనా కిందా అంటిపెట్టుకుని ఉండే గాలి పొరలకి 0.04, 0.17. అన్నీ కలిపితే 0.306. ఒకటిని దానితో భాగించండి: 3.27.

పరిమితి 1.2, మాది 3.27. తప్పు చేశానేమోనని మూడుసార్లు వేశాను. ఆ మొత్తంలో కాంక్రీటు వంతు చూడండి, 0.079. గాలి పొరల వంతు దానికి రెండున్నర రెట్లకి పైన. పదకొండేళ్ళుగా నేను పోయిస్తున్న స్లాబు వేడిని ఆపే విషయంలో ఆ గాలి పొరలు చేసినంత కూడా చెయ్యదన్నమాట. బరువు మోయడానికి పుట్టింది, వేడి ఆపడానికి కాదు.

ఇప్పుడు మందు. 1.2కి రావాలంటే మొత్తం నిరోధం 0.833 కావాలి, తక్కువైంది 0.527. ఇన్సులేషన్ బోర్డు గుణం సుమారు 0.035 అనుకుంటే 0.527ని దానితో గుణించండి: 0.0184 మీటర్లు. రెండు సెంటీమీటర్లు కూడా లేదు! అయిదంగుళాల కాంక్రీటు చెయ్యలేని పని ముప్పావు అంగుళం బోర్డు చేస్తుంది.

ఇదే లెక్క గోడకి వెయ్యండి. ఎర్ర ఇటుక గుణం 0.98 పట్టుకుంటే, రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల గోడకి 2.3 దాకా వస్తుంది. ఎనిమిదంగుళాల లైట్ వెయిట్ బ్లాకు గుణం 0.184, దాని గోడకి 0.78. అపార్ట్‌మెంట్లలో అందరూ ఆ బ్లాకులు వాడేది బరువు తగ్గుతుందని, పని తొందరగా అవుతుందని. పడమటి గోడకి ఇంత మేలు చేస్తాయని మా సైట్లో ఎవరూ అనుకోగా వినలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. తెల్లటి కూల్ రూఫ్ పెయింటుగానీ సున్నంగానీ వేస్తే యు విలువ మారదు. అది వేడిని నడవకుండా ఆపదు, ఎండని అసలు లోపలికే తీసుకోకుండా తిప్పికొడుతుంది. రెండూ వేరు వేరు పనులు. తెలంగాణ ప్రభుత్వం 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఆరువందల గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్ళకి తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్ళకి ఐచ్ఛికం. కాబట్టి మీ ఆఫీసులో ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

మూడో సంగతి బరువైన గోడలు. మా అమ్మమ్మగారిది నంద్యాల దగ్గర చవుడు మిద్దె. రెండడుగుల రాతి గోడలు, దూలాల మీద మందంగా పరిచిన చవుడు మట్టి. మే మధ్యాహ్నం లోపలికెళితే హాయిగా ఉండేది, రాత్రయితే అందరూ మిద్దె మీదికెక్కి పడుకునేవాళ్ళు. కోర్సులో దీనికి టైమ్ లాగ్ అని పేరు. మధ్యాహ్నపు వేడి ఆ మందాన్ని దాటి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, ఆ వేళకి మనుషులు లోపల ఉండరు. ఇల్లు, అలవాటు రెండూ కలిస్తేనే లెక్క కుదురుతుంది. ఆ మిద్దెని మళ్ళీ కట్టుకుందాం అనే రకం కాదు నేను. ఏటా వానలకి ముందు చవుడు పొయ్యాలి, ఆలస్యమైతే కురుస్తుంది, గోడసందుల్లో తేళ్ళు. కానీ అది ఎందుకు పనిచేసిందో తెలిస్తే ఇప్పటి ఇంటికి ఏం తీసుకోవచ్చో తెలుస్తుంది.

7. కిటికీ తెరిచి కొలవండి

సంహితలో ఇంకో నియమం: తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం ఇంటి కార్పెట్ ఏరియాలో ఇంత శాతం ఉండాలని. ఉక్కపోత మండలంలో 16.66, మిశ్రమ మండలంలో 12.5. విజయవాడలో పదడుగులు, పన్నెండడుగుల పడగ్గది వంతుకి లెక్కేస్తే ఇరవై చదరపడుగులు. "నాలుగు బై నాలుగు కిటికీ ఉందిగా, పదహారు వచ్చింది" అంటారు. అది రెండు పలకల స్లైడింగ్ అయితే తెరుచుకునేది సగమే, ఎనిమిది. అదే పాతకాలం రెక్కల కిటికీ అయితే తొంభై శాతం తెరుచుకుంటుంది. మా ఇంట్లో అన్నీ స్లైడింగే. ఈ లెక్క వేసిన రోజు కాసేపు కిటికీ ముందు నిలబడిపోయాను.

8. సాఫ్ట్‌వేర్ తరవాత

చేత్తో లెక్క రాకముందే సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటే రంగురంగుల బొమ్మలొస్తాయి, అవి తప్పని మీకు తెలియదు. నేనొకసారి స్లాబు మందాన్ని మీటర్లలో అడిగిన చోట మిల్లీమీటర్ల అంకె ఇచ్చేశాను. ఇల్లు ఊటీలా చల్లబడింది. అందరికీ చూపించాను కూడా.

లెక్క వచ్చాక ఎడ్జ్ యాప్‌తో మొదలుపెట్టండి. ప్రపంచ బ్యాంకు గుంపులోని ఐఎఫ్‌సీది, ఆన్‌లైన్‌లో ఉచితం. దాని సర్టిఫికెట్ కావాలంటే ఇంధనం, నీళ్ళు, నిర్మాణ సామగ్రి, మూడింటిలోనూ ఇరవై శాతం ఆదా చూపించాలి. ఏది మారిస్తే ఎంత తగ్గుతుందో వెంటనే చూపిస్తుంది. ఆ తరవాత ఎనర్జీప్లస్. అదీ ఉచితమే, అమెరికా ఇంధన శాఖది. దాని మీద ఓపెన్‌స్టూడియో పెట్టుకుంటే కాస్త సులువు. ఆర్కిటెక్టులు లేడీబగ్‌ని ఇష్టపడతారు. అది ఉచితమే కానీ రైనో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాలి, రైనోకి తొంభై రోజుల ట్రయల్ ఉంది. ట్రయల్ మొదలుపెట్టేది సెలవులకి ముందు పెట్టుకోండి.

9. పరీక్షలు, పేరు పక్కన అక్షరాలు

భవనం ఎంత పర్యావరణహితంగా ఉందో మార్కులేసే గ్రీన్ రేటింగులున్నాయి, వాటికి సంబంధించిన పరీక్షలూ ఉన్నాయి. ఉద్యోగంలో పైకి రావాలంటే ఇవి ఉపయోగపడతాయి. ఏది రాయాలన్నది మీ కంపెనీ ఎవరికి కడుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. మన బిల్డర్లు ఎక్కువగా అడిగేది ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్), దాని కేంద్రం హైదరాబాదే. ప్రభుత్వ భవనాల పని చేస్తుంటే గృహ (GRIHA) అనే రేటింగ్ తెలిసి ఉండాలి. ఐటీ కంపెనీలు, అమెరికా క్లయింట్లు ఉంటే అమెరికా రేటింగైన లీడ్ (LEED) వాళ్ళ గ్రీన్ అసోసియేట్ పరీక్ష: రెండు గంటల్లో వంద ప్రశ్నలు, 200కి 170 రావాలి, ఇంట్లో కూర్చుని కెమెరా ముందు రాయొచ్చు. తరవాత రెండేళ్ళకోసారి పదిహేను గంటల చదువు చూపించాలి, లేకపోతే పోతుంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి లెక్క వేరు: అబుదాబీలో ఎస్టిడామా రేటింగు, ఖతార్‌లో జీశాస్ (GSAS). అక్కడ ఉద్యోగం చూసుకుంటూ ఇక్కడి పరీక్ష రాయడం దండగ.

రేటింగు పరీక్ష పాసైతే రేటింగు నియమాలు తెలుస్తాయి. ఇల్లు చల్లగా ఎలా ఉంటుందో తెలిసిందని కాదు. అన్నిటికన్నా పై రేటింగైన ప్లాటినం పలక తగిలించి, పడమర మొత్తం అద్దాలు బిగించిన భవనంలో రెండేళ్ళు పనిచేశాను, మధ్యాహ్నం మూడు తరవాత అందరం బ్లైండ్లు దించి లైట్లు వేసుకునేవాళ్ళం.

తెర మీద చూసి చూసి విసుగొస్తే హైటెక్ సిటీ దగ్గర కొత్తగూడలోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని ముందుగా అనుమతి అడిగి చూసి రండి. అమెరికా బయట లీడ్ ప్లాటినం వచ్చిన మొదటి కట్టడం అదే, 2004 జులైలో రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాం ప్రారంభించారు. మధ్యలో గుండ్రటి ముంగిలి, చుట్టూ జాలీ గోడలు, కప్పు మీద మట్టి వేసి పెంచిన మొక్కలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు. మండువా లోగిలి, మిద్దె తెలిసినవాళ్ళకి చాలావరకు చుట్టాల ఇంటికి వెళ్ళినట్టే ఉంటుంది. మీ గన్ను వెంట తీసుకెళ్ళండి, జాలీ గోడకి బయటివైపు, లోపలివైపు ఎంతుందో కొలవండి.

10. రేటు తెలియకపోతే ఏమీ తెలియనట్టే

ఏ కోర్సూ నేర్పనిది ఇదే. కోర్సు అయ్యాక ఉత్సాహంగా సైట్లో మేస్త్రీకి ఇన్సులేషన్ గురించి పావుగంట చెప్పాను. అంతా విని, "సదరానికి ఎంత పడుద్ది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు గళ్ళు గీయండి: పని, మీ ఊళ్ళో ఈ నెల రేటు, ఎన్నేళ్ళు ఆగుతుంది, చేసే మనుషులు దొరుకుతారా. సున్నం పూత, కూల్ రూఫ్ పెయింటు, ఇన్సులేషన్ బోర్డు, దాని మీద సిమెంటు పరుపు (స్క్రీడింగు), తెల్ల టైల్స్, లైట్ వెయిట్ బ్లాకులు, రెక్కల కిటికీలు. ఒక్కొక్కదానికీ ఇద్దరు డీలర్లకి ఫోన్ చేసి అడగండి. నాలుగో గడిలో చాలా మంచి ఆలోచనలు ఆగిపోతాయి. ఇటుకని నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడ నాకు చాలా ఇష్టం. తిరువనంతపురంలో లారీ బేకర్ ఆ పద్ధతిలో ఎన్నో ఇళ్ళు కట్టారు, ఇటుకా తక్కువ, వేడీ తక్కువ. మా చుట్టుపక్కల అది పేర్చే మేస్త్రీ కోసం నెల తిరిగాను, దొరకలేదు.

ఆ పేజీ పట్టుకునే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళాను. యు విలువలు ఎవరూ వినలేదు. అమ్మ రాసిన అంకెలు మాత్రం అందరూ చదివారు: పైఫ్లాట్ల సీలింగ్ మేలో రాత్రి పదింటికి 39. మొదట తెల్ల పూత వేద్దాం, బోర్డు సంగతి వాటర్‌ప్రూఫింగ్ చేయించే ఏడు చూద్దాం అన్నారు. పూత మార్చిలో పడింది. మేలో అదే స్టూలు, అదే గన్ను, రాత్రి పదింటికి 35. పడమటి గోడలో మార్పేమీ లేదు, దానికింకా ఏమీ చెయ్యలేదు.

రేట్ల పేజీ, అమ్మ అంకెల పేజీ రెండూ ఫోటో తీసి మా ఆఫీసులో ఎస్టిమేట్లు చేసే అబ్బాయికి పంపాను. పొద్దున్నే మెసేజ్ పెట్టాడు: "సార్, కిటికీల లెక్క కూడా పంపండి. విజయవాడ ప్రాజెక్టులో మొత్తం స్లైడింగే పెట్టాం."